పిన్ను మీద బొట్టు

ఏలూరు, 2004 అక్టోబరు
ఆయుధపూజ నాడు

ఇరవయ్యేళ్లుగా పోలీసు ఆర్మరీలో తుపాకులు బాగుచేస్తున్నాను. ఇవాళ కాల్చి చూడకుండానే ఒకటి ఇచ్చేశాను.

ఎస్సైగారి పిస్టల్ ఫ్రేములో ఒక పిన్ను వదులై, కాల్చినప్పుడల్లా పక్కకి జరుగుతోంది. నిన్న దాన్ని లోపలికి కొట్టి, పిన్నునీ ఫ్రేమునీ కలుపుతూ ఎర్ర పెయింటుతో గీత గీశాను. పండగయ్యాక కాల్చి చూడాలనుకున్నాను. గీత విరిగితే పిన్ను మళ్లీ జరిగినట్టు, అది పట్టే కన్నమే అరిగినట్టు. ఆ పిస్టల్ ఇక వాడకూడదు.

పొద్దున ఆర్మరీలో పూజ. ఆయుధాలన్నీ తుడిచిన కానిస్టేబుల్ సత్యం మురిసిపోతూ వచ్చాడు. "మస్తాన్‌గారూ, ఆ ఎర్రమరక ఎంతకీ పోలేదండీ. పెట్రోలేసి రుద్దేశానండి!" గీత పోయింది. అన్ని పిస్టళ్లకీ పెట్టిన చోటే, సరిగ్గా ఆ పిన్ను మీదే తడి కుంకుమతో బొట్టు పెట్టాడు.

మధ్యాహ్నం ఎస్సైగారు కొల్లేరు లంకల్లో బందోబస్తుకి వెళ్తూ పిస్టల్ అడిగారు.

"ఇంకా కాల్చి చూడలేదండి," అన్నాను.

"పిన్ను సరిగ్గానే ఉంది కదండీ. పండగపూట అనుమానాలెందుకు?" అంటూ పిస్టల్ పైనుండే స్లైడు రెండుసార్లు వెనక్కి లాగి చూసుకున్నారు. ఆరిన బొట్టు పిన్ను చుట్టూ సన్నగా పగిలింది. కుంకుమ ఆరితే పగలదా అని నాకు నేనే చెప్పుకుని, రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాను.

సాయంత్రం మనసాగక ఎస్సైగారికి ఫోను చేశాను. లంకల్లో సెల్లు అందలేదు. అప్పుడు మిగిలిన పిస్టళ్లన్నీ దించి, ఒక్కొక్కదాని స్లైడూ రెండుసార్లు లాగి చూశాను.

ఒక్క బొట్టూ పగల్లేదు.