కరెంటు పోతే చెరిగిపోయే చోటు

కరీంనగర్

ప్రియమైన జోయలన్నకు,

ఫోన్ చేస్తే మాట రాదు, ఏడుపే వస్తుంది. అందుకే ఈ మెయిల్.

మా రక్తనిధిలో కంప్యూటర్ పని నాదే కదా. థలసీమియాతో తరచూ రక్తం ఎక్కించవలసిన మమతారాణి అనే పాప కోసం ఓ నెగెటివ్ గ్రూపు రక్తం పక్కన పెట్టించి, ఆ సంచి మీద ఆమె పేరు కంప్యూటర్లో ఎక్కించాను. నిన్న కరెంటు పోయింది. కంప్యూటర్ మళ్లీ లేచేసరికి ఏ సంచికీ పేరు లేదు. నేను లేని పూట, ఎవరికీ కేటాయించలేదనుకుని దాన్ని ఒక కాన్పు కేసుకు ఇచ్చేశారు. ఆ తల్లి బతికింది. పాప మాత్రం వార్డులో వాడిపోతోంది. ఎంత వెతికినా ఆ గ్రూపు దొరకడం లేదు.

పాప తండ్రి దశరథం మరమగ్గం నడుపుతాడు. "మా పిల్ల పేరు ఏడికి పోయింది బిడ్డా?" అని అడిగాడు. మా రక్తనిధి పెద్ద డాక్టర్ భానుప్రసాద్ అందరి ముందూ "నువ్వే తీసేసి ఎవరికో ఇప్పిచ్చినవ్" అన్నారు. నేను తీయలేదన్నా.

నీ చెల్లె,
షారోన్

భైంసా

ప్రియమైన చెల్లెకు,

నువ్వు తీయవని నాకు తెలుసు. మీ కంప్యూటర్లో వెనక నడిచే సర్వీసు, అదే ఆ ప్రోగ్రాం, పేర్లను ఎక్కడ రాస్తుందో చూడు. /రన్ అనే ఫోల్డర్ కింద రాస్తుంటే కారణం అదే. మీ కంప్యూటర్ నడిచే లినక్స్‌లో ఆ చోటు ఉండేది డిస్కు మీద కాదు, మెమరీలో. యంత్రం ఆగితే ఖాళీ. సర్వీసు నడుస్తున్నంతసేపే పనికొచ్చే వాటికి అది సరైన చోటే. తిరిగి లేచాక కూడా కావలసినవి డిస్కు మీద, /వార్/లిబ్ కింద ఉండాలి. సెట్టింగులో ఆ ఫోల్డర్ దారి మారిస్తే చాలు. కానీ ముందు పేర్లకు నకలు తియ్యి. కొన్నిసార్లు సర్వీసు ఆపినా ఆ ఫోల్డర్ పోతుంది.

మా పత్తి జిన్నింగ్ మిల్లు కంప్యూటర్లోనూ ఒకసారి ఇలాగే అయింది. ఇక్కడ ఆ గ్రూపు వాళ్ల కోసం అడుగుతున్నాను.

నీ కోసం ప్రార్థిస్తూ,
జోయల్

కరీంనగర్

ప్రియమైన అన్నకు,

అన్నీ /రన్ కిందే ఉన్నాయి! చూపిస్తే డాక్టర్ "నడుస్తున్నదాన్ని ముట్టకు, కంపెనోళ్లు వచ్చి చూస్తరు" అన్నారు. ఎల్లుండి వైర్లు మార్చడానికి కరెంటు తీస్తారట. ఇప్పుడున్న పేర్లన్నీ పోతాయి. పాపకు ఆయాసం ఎక్కువైంది. "గుండె ఆగమైతుంది, జర జల్దీ చూడు" అని నర్సు వినోద నన్ను పట్టుకుని ఊపేసింది. ఎవరైనా దొరికారా అన్నా?

షారోన్

భైంసా

ప్రియమైన చెల్లెకు,

దొరికాడు! ఓంప్రకాశ్ అనే పత్తి వ్యాపారి. నాకు సెలవు ఇవ్వలేదు, ఆయన్ను బస్సెక్కించాను. ధైర్యం చెడకు.

జోయల్

కరీంనగర్

ప్రియమైన అన్నకు,

ఓంప్రకాశ్ గారు చేరేసరికే పాప పోయింది.

ఆయన బెంచీ మీద అలాగే కూలబడ్డారు. ఏం చెప్పి వెనక్కి పంపాలో నాకు తోచలేదు. దశరథమే వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "గింత దూరం వచ్చినవ్, ఉత్తగ పోకన్నా. వార్డుల ఇంకో పిల్ల గిదే రక్తం కోసం ఎదురుచూస్తుంది" అన్నాడు.

ఆయన రక్తం ఇచ్చారు. పరీక్షలయ్యాక ఆ సంచికి స్తుతి అనే పాప పేరు ఎక్కించాను. ఇక డాక్టర్‌ను అడగలేదు. పేర్లకు నకలు తీశాను, దారి /వార్/లిబ్‌కు మార్చాను. కరెంటు తీశారు.

కరెంటు తిరిగి వచ్చేసరికి దశరథం ఆస్పత్రి కాగితాల కోసం వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు. తెర వెలిగింది. పేర్లన్నీ ఉన్నాయి. "స్తుతి" అని ఆయనే పైకి చదివాడు.

"గీ పిల్లదైతే పోదు గదా?"

"పోదు బాపూ."

తల ఊపి, పోయిన బిడ్డను తీసుకుని ఊరికి వెళ్లిపోయాడు. గుమ్మంలో డాక్టర్ నిలబడి అంతా చూశారు. ఆయన మాట కాదని మార్చినందుకు నా ఉద్యోగం సంగతి రేపు తేలుతుంది. ఇప్పుడు స్తుతికి సంచి పంపాలి.

షారోన్