మూల కత్తిరించిన కార్డులు

ప్రియమైన అక్కకి,

పెట్టెలు పదకొండూ భద్రంగా చేరాయి. చెప్పుల పెట్టెల్లో, మాటకో కార్డు చొప్పున, నీ ఇరవై ఎనిమిదేళ్ల కష్టం! ఇంగ్లీషు మాటల్ని తలతో కాకుండా తోకతో పట్టుకుని పేర్చాలన్న బుద్ధి నీకు తప్ప ఎవరికి పుడుతుంది? 'మాన్సీ' తోక పెట్టెలో టైరోమాన్సీ దగ్గర పగలబడి నవ్వాను. చీజు గడ్డకట్టే తీరు చూసి జోస్యం చెప్పేవాళ్లు కూడా ఉండేవాళ్లా! 'సైడ్' తోక పెట్టె నిండా మాత్రం శవాలే. మారిటిసైడ్ అంటే మొగుణ్ని చంపడం, ఉక్సోరిసైడ్ అంటే పెళ్లాన్ని చంపడం, వల్పిసైడ్ అంటే నక్కను చంపడం. నక్కను చంపినా ఒక పేరేనా తల్లీ!

ఒక సందేహం. ఆ పెట్టెలో నలభై దాకా కార్డులకి కుడిపక్క మూల కత్తిరించి ఉంది. చిన్నప్పుడు నీ బల్ల కింద ఆ ముక్కలు ఏరుకుని ఆడుకునేవాణ్ని గానీ, ఎందుకు కత్తిరిస్తావో ఎప్పుడూ అడగలేదు. అది ఏమైనా గుర్తా?

ఇంకో సంగతి, కోప్పడకు. పబ్లిషరు పుస్తకం అట్ట మీద నా పేరు వేద్దామంటున్నాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడ పేరుంటే కాలేజీలవాళ్లు ముట్టుకోరట, ఇంగ్లీషు లెక్చరరు పేరైతే కళ్లు మూసుకుని తీసుకుంటారట. నేను అవుననలేదు, కాదనలేదు. లోపల మొదటి పేజీలో నీకు కృతజ్ఞతలు వేయిస్తాను. మనలో మనకి పేరేమిటి చెప్పు?

నీ పొట్టోడు


ప్రియమైన లెక్చరరు గారికి,

తమరి ఉత్తరం భూతద్దం పెట్టుకుని రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివింది తప్పేమో అనుకుని రెండోసారి చదివాను.

మనలో మనకి పేరేమిటి? బాగా చెప్పావురా. పగలంతా ప్రెస్సులో ఊళ్లోవాళ్ల తప్పులు దిద్ది, సాయంత్రం లైబ్రరీలో ఆ పెద్ద నిఘంటువు ముందు కూర్చుని, అటెండరు వచ్చి లైటు ఆర్పేస్తానని బెదిరించేదాకా రాసుకున్నది నేను. ఆ చీమతలకాయంత అక్షరాలకే నా కళ్లు పోయాయి. పేరు మాత్రం నీకు కావాలి. తీసుకో నాయనా. నీ చిన్నప్పుడు నా పళ్లెంలోది కూడా నువ్వే తినేవాడివి, అలవాటు ఎక్కడికి పోతుంది?

సైడ్ పెట్టెలో సొరోరిసైడ్ అని ఒక కార్డుంటుంది చూడు. తోడబుట్టినదాన్ని చంపడం. ఆ అర్థం మాత్రం బాగా సరిచూసి రాశాను.

మూలల సంగతి అడిగావు. అందులో ఏమీ లేదు. పెట్టె ఇరుకైతే పట్టడం కోసం కత్తిరించాను. అన్నీ వేయించుకో.

ఇట్లు,
ప్రూఫులు దిద్దే ఆవిడ


ప్రియమైన అక్కా,

రెండు నెలలు జవాబు రాయలేకపోయాను. నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకునే తిరుగుతున్నాను. ఒక పని మీద పబ్లిషరు చుట్టూ తిరిగి తిరిగి కాళ్లరిగిపోతున్నాయి. ఏ పనో ఇప్పుడు చెప్పను.

ప్రూఫులు వచ్చాయి. వచ్చే ఆదివారం తెచ్చి నీ ఎదురుగా కూర్చుని మొత్తం చదివి వినిపిస్తాను. నీ చెవిన పడకుండా అచ్చుకి పోవడం నాకిష్టం లేదు. సైడ్ పెట్టెలో ఫెలిసైడ్ నాకు తెగ నచ్చింది. 'సంతోషాన్ని చంపడం'. ఎంత మాటక్కా! వెనక అట్ట మీద ఆ ఒక్క మాటే వేయిస్తున్నాను. రమ్మంటావా?

నీ పొట్టోడు


లెక్చరరు గారికి,

రావద్దు. నీ పుస్తకం, నువ్వే దిద్దుకో. ఇరవై ఎనిమిదేళ్లు పరాయివాళ్ల పుస్తకాలు దిద్దాను, ఇక ఓపిక లేదు.

అక్క


ప్రియమైన మా అక్కకి,

పార్సిలు విప్పావా? విప్పకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది విప్పు.

చూశావా అట్ట? నీ పేరు! నీ ఒక్కదాని పేరే, బొటనవేలంత అక్షరాల్లో, నీకు భూతద్దం అవసరం లేకుండా వేయించాను. నీ ఉత్తరం చదివిన రోజున సిగ్గుతో చచ్చిపోయాననుకో. మర్నాడే వెళ్లి, అక్క పేరు వేస్తావా, పెట్టెలు వెనక్కిస్తావా అని పబ్లిషరుతో గొడవపడ్డాను. మూడు నెలలకి దారికొచ్చాడు. ముందే చెబితే నీ మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకునే సరదా పోతుందని దాచాను.

ముందుమాట నేను రాశాను. 'ఇది మా అక్క చేతి పని. ఇందులో ఒక్క తప్పు చూపించండి' అని సవాలు విసిరాను. కాపీలన్నీ కాలేజీలకీ లైబ్రరీలకీ వెళ్లిపోయాయి. ఇక కోపం పోయిందా?

నీ పొట్టోడు


ఒరే పొట్టోడా,

పార్సిలు విప్పాను. నా పేరు చూశాను. చాలాసేపు చేత్తో తడుముతూ కూర్చున్నాను. తర్వాత ముందుమాట చదివాను. పుస్తకం తిరగేసి వెనక అట్ట చూశాను.

నీకు అబద్ధం చెప్పానురా. కొత్త మాట ఎక్కడైనా కనబడితే, అర్థం నాకు తోచింది ఊహించి రాసి, ఆ కార్డు మూల కత్తిరించేదాన్ని. లైబ్రరీలో నిఘంటువు చూసి సరిచూశాక కొత్త కార్డు నిండు మూలలతో రాసి, పాతది చింపేసేదాన్ని. మూల లేని కార్డంటే అచ్చుకి పనికిరానిదని అర్థం. కళ్లు పోయేసరికి నలభై మూడు అలాగే మిగిలిపోయాయి. నువ్వు అడగ్గానే చెబుదామని కలం తీశాను. ఉత్తరంలో ఆ కిందే అట్ట మీద పేరు సంగతి చదివి కడుపు మండిపోయింది. నీ పేరు మీద తప్పులు పడాలి, నలుగురూ నిన్ను చూసి నవ్వాలి అనుకున్నాను. ఆదివారం వస్తానన్నప్పుడు కూడా నోరు విప్పలేదు.

నిన్న పక్కింటి అమ్మాయిని లైబ్రరీకి పంపి మూడు మాటలు చూడమన్నాను. మ్యూరిసైడ్ అంటే గోడలు కూల్చడమని రాశాను, ఎలుకల్ని చంపడమట. ఏపిసైడ్ కోతిని చంపడమన్నాను, తేనెటీగల్ని చంపడమట. నీకు తెగ నచ్చిన ఫెలిసైడ్‌లో సంతోషమూ లేదు, గింతోషమూ లేదు. పిల్లిని చంపడం, అంతే.

మిగతా నలభైలో ఏది తప్పో ఏది ఒప్పో నాకూ తెలియదు. తప్పొప్పుల పట్టిక వేయిద్దామన్నా కాపీలన్నీ వెళ్లిపోయాయి, నిఘంటువు చూసే కళ్లు నా దగ్గర లేవు. ప్రెస్సులో ఉన్నన్నాళ్లూ నా చేతి మీదుగా ఒక్క తప్పు పోలేదు. ఇప్పుడు పోయినవన్నీ నా పేరు మీదే పోయాయి. నా చేతులారా చేసుకున్నాను, నువ్వేం చేస్తావు?

నువ్వు ఊహించుకున్న మొహం ఇది కాదు. ఇప్పుడప్పుడే చూడ్డానికి రాకు. పబ్లిషరుకి మాత్రం ఈ ఉత్తరం చూపించు, నీ తప్పు లేదని తెలుస్తుంది.

పుస్తకం బల్ల మీదే ఉంది. ఈ గదిలో భూతద్దం లేకుండా నాకు చదవడానికి వీలయ్యేది దాని మీదున్న నా పేరొక్కటే.

అక్క