ఉత్తరాల వరుస

18-6-1984

పోస్టల్ సూపరింటెండెంటు గారికి నమస్కారములు.

పోస్టాఫీసును పాత పెంకుటింటి నుంచి మీరు చూపిన కొత్త గదిలోకి మార్చాము. ఒక్క ఉత్తరమూ తప్పిపోలేదు.

ఉత్తరాలు ఆలస్యంగా అందుతున్నాయని లక్ష్మీనరసింహం గారు మీకు చేసిన ఫిర్యాదు నిజమే. పాత ఆఫీసు వారి ఇంటి పక్కనే కనుక మొదటి ఉత్తరం వారికే అందేది. కొత్త గది ఊరి చివర, మిరప కళ్లాల దగ్గర కూలీల పేటలో ఉంది. ఇక్కడ మొదటి ఇల్లు ఏసోబుది.

ముందు లక్ష్మీనరసింహం గారికి ఇచ్చి రమ్మని పోస్ట్‌మాన్ జక్రయ్యకు చెప్పాను. "ఏసోబు గుమ్మం ముందే పోతా, ఆయన ఉత్తరం ఇయ్యకుండా ఎట్టా పోయేదండీ?" అన్నాడు. అతని మాటే సబబు. వరుస మార్చను.

ముప్పై ఏళ్లుగా ఈ పేటకు ఉత్తరాలు పొద్దుగూకే వేళకే అందేవి. పాత ఫైళ్లన్నీ నేనే సర్దాను. ఈ పేట నుంచి ఒక్క ఫిర్యాదూ కనబడలేదు.

విధేయతతో,
బ్రాంచి పోస్టుమాస్టరు