అమ్మ కుడుతున్న నేల

యమల్ మంచు మైదానం, చేపల చెరువు గట్టు
ఆగస్టు 19

తమ్ముడు హసవకోకి,

అక్క సేవ్‌నె దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, ఈ ఏడు రెయిండీర్లకు గిట్టల జబ్బు రాలేదు. ఆ కొత్త చమురు బావి దగ్గర నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. తినకపోయినా నాకు చెబుతావా ఏమిటి.

అమ్మ సంగతి రాయాలి. డెబ్బై ఒకటో ఏట ఆవిడ చేస్తున్న పని నువ్వు చూడాలి. రెండేళ్ల కిందట వేసవిలో చమురువాళ్ల గొలుసు చక్రాల బండి ఒకటి మన మేత నేల మీదుగా వెళ్లింది. నేల మెత్తబడ్డ రోజుల్లో బండి తోలకూడదని వాళ్లకే రూలుంది. అప్పుడు నలిగింది పైనున్న నాచే. కానీ ఆ నాచు పోయాక ఎండ నేల లోపలి మంచుకు తగిలింది, అది కరిగి నేల కుంగింది. నిరుడు ఆ జాడ మోకాలి లోతు కాలువైంది, ఈ ఏడు నడుం లోతు. చెరువు గట్టుకు పదడుగుల దూరంలోకి వచ్చేసింది. గట్టు తెగితే చెరువంతా నదిలోకి పోతుంది, చలికాలం మనకు చేప ముక్క ఉండదు.

మీ బావ చేతులెత్తేశాడు, ఇంకో చెరువు చూసుకుందామన్నాడు. అమ్మ నిరుడే పార పట్టుకుని కాలువలోకి దిగింది. అంచులు విరిగి తలకిందులుగా పడ్డ నాచు పెళ్లలను ఒక్కొక్కటే తీసి, నాచు పైకి వచ్చేలా తిప్పి, పక్కపక్కన నొక్కి, విల్లో పొదల పుల్లలు మేకుల్లా దిగ్గొడుతుంది. అటు మంచి చోటు నుంచి నాచు కోసుకొస్తానని నేను తెలివి చూపించాను. ఏమే, చిరుగుకి అతుకెయ్యడానికి కొత్త కోటు చింపుతావా, బుర్రుందా నీకు అని తిట్టింది. అరవై ఏళ్లు తోళ్లు కుట్టిన చెయ్యి కదా.

మొన్న చమురు కంపెనీ నుంచి నేల పరీక్షలు చేసే ఇంజనీరమ్మ జినాయిదా వచ్చింది. ముసలావిడ పుల్లలతో ఆడుకుంటోందా అని నవ్వింది. తర్వాత తన ఇనప కడ్డీ దించి చూసింది. బోసి నేలలో తొడ లోతు దిగింది. అమ్మ నిరుడు వేసిన అతుకు మీద పిక్క దాకా కూడా దిగలేదు, కింద నేల గడ్డకట్టే ఉంది. ఇంజనీరమ్మ కోటు విప్పి కాలువలోకి దిగింది. చదువుకున్నదానివి కదా, ఏది తలో ఏది తోకో చూసి అందించమ్మా అంది అమ్మ. గట్టు వైపు కాలువ ముందుకు రావడం ఆగింది. ఈవిడ కడుపున పుట్టినందుకు నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఇక ఉంటాను. తొడుగులు లేకుండా ఇనుము పట్టుకోకు.

నీ అక్క,
సేవ్‌నె

తా.క. ఇది రాయొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది, అయినా రాస్తున్నాను. ఆ బండి తోలినవాణ్ణి కాలువ పడ్డప్పటి నుంచి శాపనార్థాలు పెడుతున్నాను. నిన్న వినలేక అమ్మ చెప్పేసింది. ఆ వేసవిలో నేను కాన్పుకి పట్నంలో ఉండగా తనకు ఊపిరి అందకపోతే, నువ్వే ఎవరికీ చెప్పకుండా ఆ కంపెనీ బండి తోలుకుని డాక్టరును తెచ్చావట. వాడు తెచ్చాడు కాబట్టి బతికాను, ఆ జాడ నేనే కుట్టుకుంటాను, వాడికి తెలిస్తే కుమిలిపోతాడే అంది. నీ మీద కోపం లేదు, తమ్ముడూ. కానీ ఆవిడ చేతులు వాచిపోయాయి, అతుకు వెయ్యాల్సింది ఇంకా ముప్పై అడుగులుంది. సెలవు పెట్టి రా. నడిచి రా.