ఖాళీ డ్రమ్ము

ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ గారికి నమస్కారం.

మెయిన్ రోడ్డు మీద కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మాది. మా ఎదురుగా డివైడర్‌కున్న సందులోంచి అడ్డంగా తిరిగిన కారు గుద్ది, కిందటి నెల మా ఆయన చనిపోయారు. మర్నాడే మీవాళ్లు ఆ సందులో డ్రమ్ము పెట్టి, "తిరగరాదు" అని బోర్డు తగిలించారు. మంచిదే. కానీ అది ఖాళీ డ్రమ్మండీ. సర్కిల్ దాకా వెళ్లి రావడానికి బద్ధకమేసి, జనం బండి దిగి మరీ దాన్ని పక్కకు నెట్టి తిరిగిపోతున్నారు. పొద్దున్నే షట్టర్ ఎత్తాక నేనే వెళ్లి దాన్ని మళ్లీ అడ్డం పెడుతున్నాను. ఎవరినీ ఏమీ అనడం లేదు. అనాలని కూడా అనిపించడం లేదు.

నిన్న మధ్యాహ్నం దాన్ని నెట్టింది మా మరిది. ఆ రోజు వాళ్లన్నయ్యను రోడ్డు మీంచి ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తినవాడే. నాకు క్యారియర్ తెచ్చాడు.

"చుట్టూ తిరిగొస్తే అన్నం చల్లారిపోతుంది కదా వదినా" అన్నాడు.

అందుకని డ్రమ్ము తీయించేసి గోడ కట్టించండి. ఎవరూ జరపలేనిది. మావాళ్లు కూడా.

అన్నం వేడిగానే ఉంది. తిన్నాను.

ఇట్లు,
మిషన్ల షాపు ఆవిడ