మధ్యలో ఒకసారి తిప్పాలి

ఫిబ్రవరి 3

ముసలిది ఈ పొద్దున పోయింది. ఓవెన్ సంగతి రాస్తున్నాను. రెండో ట్రే బన్నులు లోపల ఉండగానే ఠప్‌మని చప్పుడు వచ్చి లైటు ఆరిపోయింది. తలుపు తీస్తే బన్నులు తెల్లమొహాలు వేసుకుని నన్నే చూస్తున్నాయి.

టీకొట్టు పెద్దాయనకు ఫోన్ చేసి ఈవేళ సగమే పంపగలనని చెప్పాను. పోనీలేమ్మా, ఉన్నవి పంపు, మిగతావాళ్ళకి బిస్కెట్లిచ్చి సర్దుకుంటా అన్నాడు. మంచి మనిషి. రేపు ఏం చేస్తావని మాత్రం రెండుసార్లు అడిగాడు.

మా ఆయన స్టూలు మీద నుంచి లేవలేదు. ఓవెన్ తలుపు చల్లారేదాకా దాని మీద ఎడమ చెయ్యి ఆనించుకుని కూర్చున్నారు.

ఫిబ్రవరి 4

పని లేదు కాబట్టి రాస్తున్నాను.

ముసలిదానికి ఎడమవైపు వెనక మూల కోపమెక్కువ. ఆ మూల పెట్టింది మాడుతుంది, ముందువైపు పెట్టింది పాలిపోతుంది. అందుకని సగం టైమ్ అవగానే ట్రే తిప్పాలి. మా పెళ్ళైనప్పటి నుంచీ అది ఆయన పని. మెషిన్ షాపులో ఫిట్టర్ కదా, ఇనుముతో నేను వేగుతాను, నువ్వు పిండి సంగతి చూసుకో అనేవారు. నేను వంటింట్లోంచి తిప్పాలీ అని కేక వేస్తే, గడ్డం గీసుకుంటున్నా సరే, సబ్బు నురగతోనే వచ్చేవారు.

కిందటేడు స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. అవును, వద్దు అనే రెండు మాటలు మిగిలాయి కానీ ఒకదానికి బదులు ఇంకోటి వస్తుంది. కాఫీ కావాలా అంటే వద్దు అంటూ గ్లాసు కోసం చెయ్యి చాస్తారు. తప్పులేకుండా, అదనుకి వచ్చే మాట ఒక్కటే మిగిలింది. తిప్పాలి.

నేను కేక వెయ్యక్కర్లేదు ఇప్పుడు. టైమర్ కూడా అక్కర్లేదు. స్టూలు మీద కూర్చుని, వాసన పట్టి, తనే అంటారు. ఎడమచేతికి గ్లవ్ తొడుక్కుని, పక్కన బిగించిన పలక మీదికి ట్రే లాగి, ఒంటిచేత్తో గిర్రున తిప్పి, లోపలికి నెడతారు. అప్పుడు ఆయన మొహం మునుపటి మొహంలా ఉంటుంది. అది చూడ్డానికే నేను రోజుకి నాలుగు ట్రేలు పెడుతున్నానేమో.

ఫిబ్రవరి 6

మెకానిక్ వచ్చాడు. దీని పార్టు ఇప్పుడెవరూ తయారుచెయ్యట్లేదమ్మా అన్నాడు. వెళ్తూ వెళ్తూ ముసలిదాని నెత్తిన ఒక చరుపు చరిచాడు, పాపం, ఊరుకోబెట్టినట్టు.

సాయంత్రం వదిన ఫోన్. ఆయన అక్క. ఆవిడ మాట్లాడుతుంటే ఫోన్ చెవికి ఆనించక్కర్లేదు, బల్ల మీద పెట్టినా వినబడుతుంది. తన తమ్ముడి ఇంట్లో పొయ్యి ఆరిపోతే తను చేతులు ముడుచుకు కూర్చుంటానా అంది. ఫ్యాన్ ఓవెన్ కొని పంపిస్తోందట. తనింట్లో అదే ఉందట, ఒకసారి వాడితే నన్ను రోజూ తలుచుకుంటావు చూడు అంది. వద్దంటే వినే రకం కాదు. నేను గట్టిగా వద్దనలేదు కూడా.

ఫిబ్రవరి 10

వచ్చింది. నల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. పక్కన నిలబడితే నా ఎప్రన్ మీద మరకలు నాకే కనబడ్డాయి.

షాపు నుంచి డెమో అమ్మాయి కూడా వచ్చింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వెనకాల ఫ్యాన్ ఉందట, వేడిని మూలమూలకీ తోలుతుందట. మూడు ట్రేలు ఒకేసారి పెట్టుకోవచ్చు. పాతదానికంటే ఇరవై డిగ్రీలు తగ్గించి పెట్టుకోవచ్చు. టైమ్ కలిసొస్తుంది, కరెంటు కలిసొస్తుంది. పైన బిస్కెట్లూ కింద వెల్లుల్లి బ్రెడ్డూ పెట్టినా దేని వాసన దానిదేనట. మరీ ఎండిపోతోందనిపిస్తే ఒక గిన్నెలో నీళ్ళు పెట్టమంది.

ఆయన స్టూలు మీద కూర్చుని శ్రద్ధగా వింటున్నారు. మెషిన్ గురించి ఎవరు చెప్పినా అలాగే వింటారు. ఆ అమ్మాయికీ హుషారొచ్చింది, ఆయన వైపు తిరిగి, అన్నిటికంటే పెద్ద లాభం ఇదే అంకుల్, మధ్యలో ట్రే తిప్పే బాధే లేదు, అసలు తలుపే తెరవక్కర్లేదు అంది.

ఆయన నా మొహంలోకి చూశారు. నేను పలక తుడవడం మొదలుపెట్టాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

ఫిబ్రవరి 11

కొత్త ఓవెన్‌లో మొదటి వాయి. ఎవరూ చెయ్యని తప్పు చేశాను. తిప్పినా పూర్తిగా సర్దుకోదని ఇన్నేళ్ళుగా ఎడమ వెనక మూలకి పెద్ద ఉండలు, ముందువైపుకి చిన్నవి పెట్టడం అలవాటు, నాకు తెలియకుండానే చెయ్యి అలా చుట్టేస్తుంది. ముసలిదాని వంకర నా చేతికొచ్చింది. ఈ కొత్తది అందరికీ సమానంగా వడ్డించింది. చిన్నవి పెళుసెక్కాయి, పెద్దవి లోపల పచ్చిగా ఉండిపోయాయి. రంగు మాత్రం అన్నిటికీ ఒకటే, బంగారంలా.

సగం టైమ్‌కి ఆయన తిప్పాలి అన్నారు. ఇప్పుడక్కర్లేదట కదా అన్నాను. నవ్వుతూనే అన్నాను. గ్లవ్ అప్పటికే తొడుక్కుని ఉన్నారు. పళ్ళతో పట్టుకుని లాగి తీసేసి, గోడ పట్టుకుంటూ ముందుగదిలోకి వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 12

ఈవేళ వంటింట్లోకి రాలేదు.

ఫిబ్రవరి 15

ఉండలన్నీ ఒకే సైజు చుట్టడం నేర్చుకున్నాను. మూడు ట్రేలూ ఒకేసారి పెడుతున్నాను. బన్నుల పని పదింటికల్లా అయిపోతోంది. వంటిల్లు కొలిమిలా లేదు. పక్కవీధి ఆఫీసువాళ్ళు స్పాంజ్ కేకులు అడిగారు, ఒప్పుకున్నాను. కొత్తొక వింత పాతొక రోత అంటారు, నిజం చెప్పాలంటే నాకు ఈ ఓవెన్ బాగా నచ్చింది. ఇవాళ మధ్యాహ్నం నడుం వాల్చాను. ఎన్నాళ్ళైందో.

లేచి చూస్తే ఆయన కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తున్నారు. వీధిలో ఏమీ లేదు.

ఫిబ్రవరి 19

మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చింది. ఎప్పటిలాగే ట్రే బొమ్మ చూపించి ఏం చెయ్యాలి అని అడిగింది. ఆయన పెదాలు కదిపారు. మాట రాలేదు. మళ్ళీ అడిగింది. వద్దు అన్నారు.

నన్ను వరండాలోకి పిలిచి, ఇంట్లో ఈ మధ్య ఏమైనా మారిందా అంది. ఓవెన్ మారిందన్నాను. ఆమె నవ్వలేదు. పనితో ముడిపడ్డ మాట ఆ పని ఉన్నన్నాళ్ళే నిలుస్తుంది, దాని తోక పట్టుకునే మిగతా మాటలు రావాలి, అదే జారిపోతే కష్టం అంది.

పోయిన మాటలకి ఏడ్చాను కానీ, ఉన్న మాటని నా చేత్తో నేనే తీసేశానని తోచలేదు.

ఫిబ్రవరి 20

అబద్ధమాడాను.

బన్నులు పెట్టి, ముందుగదిలోకి వెళ్ళి, మీ అక్క పంపిన ఓవెన్ వట్టి డాబే, ఫ్యాన్ సరిగ్గా తిరగట్లేదు, కుడివైపు మాడుతోంది, వచ్చి చూడండి అన్నాను. ముప్పై ఏళ్ళు మెషిన్లు విప్పి బిగించిన మనిషికి ఫ్యాన్ గురించి నేను చెప్పడం, తాతకు దగ్గులు నేర్పినట్టే. ఆయన నన్నూ, వంటింటి గుమ్మాన్నీ మార్చి మార్చి చూసి లేచారు.

స్టూలు మీద కూర్చున్నారు. ఓవెన్ తలుపు దగ్గర చెవి పెట్టి విన్నారు. కాసేపటికి గ్లవ్ కోసం చెయ్యి చాచారు. తిప్పాలి. నేను సింక్ వైపు తిరిగి కుళాయి విప్పాను.

ఫిబ్రవరి 23

బన్నులు తలుపు తెరిచినా తట్టుకుంటాయి. స్పాంజ్ తట్టుకోదు. ఈవేళ ఆయన తిప్పగానే కేకు నడుము విరిగినట్టు మధ్యలో కూలబడింది. దాన్ని మేమే తిన్నాం. ఆఫీసువాళ్ళకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు.

ఇక నుంచి స్పాంజ్ ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు. బన్నులు పొద్దున, ఇద్దరం కలిసి. నా మధ్యాహ్నపు కునుకు పోయింది. పోతే పోయింది.

మార్చి 2

డాక్టరమ్మ బొమ్మ చూపించకముందే తిప్పాలి అన్నారు. ఆవిడ చప్పట్లు కొట్టింది. తర్వాత వేడి అన్నారు. ఆ తర్వాత, నా వైపు చూపించి, పిండి అన్నారు. నా పేరు అడిగితే పిండి! డాక్టరమ్మా నేనూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆయనా నవ్వారు, సగం మొహంతో. ఇవాళ సంతోషంగా ఉంది. రాసిపెట్టుకుంటున్నాను.

మార్చి 9

పిండి అయిపోతే బజారుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా కాల్చిన రొట్టె వాసన.

బల్ల మీద బ్రెడ్ ముక్కలు పరిచి ఉన్నాయి. ట్రేలో ఎలా పేర్చారో అలాగే, వరసలు తప్పకుండా. ఒక్కో ముక్కా ఒంటిచేత్తో తెచ్చి పెట్టి ఉంటారు. ఎడమవైపు, కుడివైపు, ముందు, వెనక, అన్నీ ఒకే రంగు. మాడింది ఒక్కటీ లేదు.

ఇది నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలో ముసలిదాన్ని కొన్నప్పుడు ఇదే చేశారు. ట్రే నిండా బ్రెడ్ ముక్కలు పేర్చి కాల్చి, ఏది మాడిందో చూసి, వేడి ఎక్కడుందో నాకు చూపించారు. ఏ ఓవెన్ గుణమైనా బ్రెడ్ చెప్తుంది, కంపెనీవాడు చెప్పడు అన్నారు అప్పుడు. ఆ మాటకి ఎంత మురిసిపోయానో.

చేతిలో సంచీతో అలాగే నిలబడ్డాను, దొంగకు తేలు కుట్టినట్టు. కోప్పడతారనుకున్నాను. ఆయన ఒక ముక్క తీసుకుని, ఎడమచేత్తో వెన్న రాసి, సగం బల్లకి రాసి, నా చేతిలో పెట్టారు. ఇద్దరం కూర్చుని తిన్నాం. ఏమనడానికైనా మాటలేవి ఆయన దగ్గర?

మార్చి 10, పొద్దున ఆరు

పిండి పొంగింది. ఉండలు చుట్టాను. ఆయన వస్తారో రారో.

మార్చి 10, తొమ్మిది

వచ్చారు. స్టూలు మీద కూర్చున్నారు. సగం టైమ్‌కి గ్లవ్ తొడుక్కుని తిప్పాలి అన్నారు. ఓవెన్ వైపు చూసి కాదు, నా వైపు చూసి అన్నారు.

తలుపు తీశాను. తిప్పారు. అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. నేను ఆయన కోసం అబద్ధమాడాననుకున్నాను. ఆయన నా కోసం దాన్ని నమ్ముతున్నారు. పెళ్ళాం ఇంత కష్టపడి ఆడిన అబద్ధం వృథా పోకూడదనుకున్నారో ఏమో. ఆ మనిషి మీద నాకు ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్ళూ నాకే తెలియదు.

మార్చి 17

ఈవేళ కూడా తిప్పారు.

ఏప్రిల్ 6

ఆయన పోయారు. పది రోజులైంది. మళ్ళీ స్ట్రోక్. బన్నులు లోపలున్నాయి. గ్లవ్ తొడుక్కుంటూ పక్కకి ఒరిగిపోయారు. నేను పట్టుకున్నాను. పట్టుకునే ఉన్నాను. ఓవెన్ టైమ్ అవగానే తనంతట తనే ఆగిపోయింది. పక్కింటివాళ్ళొచ్చి తీసి చూస్తే బన్నులు చక్కగా కాలి ఉన్నాయట, అన్నీ ఒకే రంగులో. ఎవరో వచ్చి నాకా మాట చెప్పారు, ఏదో ఒకటి చెప్పాలి కదా అని.

మాడిపోయి ఉంటే బాగుండేది. ఆయన లేకపోతే ఏదో ఒకటి మాడాలి కదా.

ఏప్రిల్ 11

వదిన ఇక్కడే ఉంది. గొంతు చిన్నదైపోయింది ఆవిడకి. ఇంకెవరో మాట్లాడుతున్నట్టుంది. ఊరికే కూర్చోలేక ఇల్లు సర్దుతోంది. స్టూలు తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టి దాని మీద పూలకుండీ పెట్టింది. నేను కుండీ దించి స్టూలు వెనక్కి తెచ్చాను. చూసింది. తర్వాత తనే తడిగుడ్డ తెచ్చి దానికంటిన మట్టి తుడిచింది.

ఏప్రిల్ 15

వదిన వెళ్తూ, ఆ ఓవెన్ పంపింది మీ ఇద్దరికీ కాస్త సుఖంగా ఉంటుందనే అంది. తెలుసు వదినా అన్నాను. మిగతాది చెప్పలేదు. చెప్తే ఆవిడ జన్మంతా కుములుతుంది.

ఏప్రిల్ 22

టీకొట్టు పెద్దాయన తనే వచ్చాడు. బన్నుల కోసం రాలేదమ్మా, చూసిపోదామని వచ్చా అన్నాడు. బన్నుల కోసం కూడా వచ్చాడు. రేపటి నుంచి పంపుతానన్నాను.

ఏప్రిల్ 23

మూడు ట్రేలు పెట్టాను. ఫ్యాన్ తిరుగుతోంది. ఇన్నాళ్ళూ దాని చప్పుడు వినలేదు నేను, ఆయన ఊపిరి వింటూ ఉండేదాన్ని. సగం టైమ్ అయింది. వంటింట్లో ఎవరూ ఏమీ అనలేదు. తలుపు తెరవక్కర్లేదు. కూర్చుని ఏడ్చాను, ఓవెన్ ఆగేదాకా. ఏడవడానికి టైమ్ కలిసొచ్చింది.

మే 4

వదిన ఫోన్. వాళ్ళ పక్కింటావిడ ఫ్యాన్ ఓవెన్ కొందామనుకుంటోందట, ఎలా ఉందో కనుక్కోమందట. చాలా మంచిదని చెప్పమన్నాను. మధ్యలో ఒకసారి తిప్పాలి, అంతే.