కడగని చేతిలో జామకాయ

ఆదివారం, వడమాలపేట

ఈ రోజు చెయ్యి కడక్కుండా జామకాయ తినేసినాను. నేనే!

చిన్నప్పుడు నేను ఏది ముట్టుకున్నా మా అవ్వ ముక్కు ముడిచి "ఛీ, కడుక్కో పో" అనేది. ఆ ఛీ నాలో దిగబడి, చేతులు పగిలేదాకా సబ్బుతో రుద్దుకునే జబ్బయింది. పోయిన నెల పక్కింటి పిల్ల నీళ్ళిస్తే మా పాప అచ్చం అట్లే ముక్కు ముడిచింది. అది చూసే తిరుపతిలో డాక్టరమ్మ దగ్గరికి పోయినాను.

"ఈ అసహ్యం నువ్వు నేర్చుకున్నదేనమ్మా. కడక్కుండా కొంచెం సేపు ఓర్చుకో, అదే తగ్గుతాది" అనింది.

ఈ రోజు పాపతో బస్సులో వస్తా దారంతా కమ్మీ పట్టుకుని నిలబడినాను. దిగినాక పాప జామకాయ కొనిపించి సగం నా చేతిలో పెట్టింది. కమ్మీ పట్టుకున్న చెయ్యే అది.

"అమ్మా, చెయ్యి కడగలేదే?"

"కడగలేదులే. తిందాం రా."

ఉప్పుకారంతో గింజలతో సహా నమిలేసినాను. సబ్బు కోసం ప్రాణం కొట్టుకునింది గానీ, ఇల్లు చేరేలోగా ఎట్లనో తగ్గిపోయింది. పాపకు నేనంటించింది ఎప్పటికి పోతాదో ఏమో అనుకుంటా తలుపు తీస్తావుంటే, వెనక దాని గొంతు వినపడింది. తను కొరికిన ముక్కను పక్కింటి పిల్ల చేతిలో పెట్టి అంటా ఉండాది:

"కడక్కుండానే తినవే, మా అమ్మే తినింది!"